మీ తాత వదులు చేసిన రింగు

ఏం తిప్పుతున్నవే నిహారికా, బండి పక్కన గొంతుకూసోని? షాకప్ రింగా, గా ఎనక స్ప్రింగుదా? తిప్పు తిప్పు, నేనేం అడ్డం చెప్త లేను. గా వంకర పానా నీ చేతుల చూసేసరికి మీ తాత యాదికొచ్చిండు, గందుకే నవ్వొచ్చింది. అట్ల చూస్తవేంది, మీ తాతకు బండి రాదన్న సంగతి నాకెరుక లేదా? మీ తాత ఐలేశం అంటే మగ్గం గుంటల దిగుడు, ఎక్కుడు, చీరలు నేసినంక సైకిలేసుకోని గద్వాలకు పోయి ఇచ్చి వచ్చుడు, గంతే. ఒక్కసారి ఎవరిదో లూనా నడుపుతనని ఎక్కి, పక్కింటి సాలమ్మ పెండదిబ్బల పడ్డడు. మల్ల హ్యాండిల్ ముట్టలే. అయినా ఒక మోటరుబండి మీద ఆయన చెయ్యి పడ్డది. చెప్త, నీ పని నువ్వు చేసుకుంట ఇను.

ముందుగాల ఒక సంగతి. మీ తాత మంచోడే, కల్లు ముట్టలే, నన్ను ఒక దెబ్బ కొట్టలే. గని కుళ్లు. ఎవరన్న నన్ను నవ్విచ్చిండ్రంటే ఆయనకు సయించకపోయేది. గాజులాయన వాకిట్ల కూసోని 'అమ్మా, గీ చేతులకు ఎర్రయి ముద్దుగుంటయి' అన్నడనుకో, నేను నవ్విననుకో, ఇగ ఆ ఏడంత గాజులు ఆయనే తెచ్చిండు. ఒక్కటన్న నా చేతికి పట్టలే. పగిలినా పరవలే గని ఆ గాజులాయన వాకిట్లకు రావొద్దు. టీవీల ఎవడో ఎగురుతుంటే నేను నవ్వితే, 'కరెంటు బిల్లొస్తది' అని బంద్ చేస్తుండె. అట్లుంటుండె ఆయన కథ. నోరు తెరిచి 'నువ్వంటే నాకు పాయిరం' అన్న మాట మాత్రం జిందగీల అనలే.

ఇగ మా తమ్ముడు రాంచందర్ లేడా, షాద్‌నగర్ల కంపినీల చేసేటోడు. మమ్ముల కన్న అవ్వ తొందరగ పోయింది, వాన్ని సంకనేసుకోని పెంచింది నేనే. తెలంగాణ వచ్చిన మరుసటేడు వాడొక ఎర్రబండి కొన్నడు. రేసు బండట. నడిపేటోడు బోర్ల పండుకున్నట్టు వంగుతడు, ఎనకోళ్లు అటక మీద కూసున్నట్టు మీదుంటరు. ఒక ఐతారం గా బండేసుకోని వచ్చి, 'అక్కా, కండ్లు మసకలంటివి గద, నడు గద్వాల దవాఖానకు. బస్సెందుకు' అన్నడు. నేను పక్కకు కూసోబోతే, 'జారుతవు అక్కా, రెండు దిక్కుల కాళ్లెయ్యి' అన్నడు. ఏం చేస్త, కుచ్చిళ్లు ఎగజెక్కి మొగోని లెక్క ఎక్కిన. గల్లి అంత బయటికొచ్చి చూసింది. లోపట మగ్గం సప్పుడు ఆగింది. మీ తాత కడప మీదికొచ్చి, చేతులెనక కట్టుకోని నిలబడ్డడు. వాడేమొ కింద వంగి, గీ అసొంటి పానాతోనే ఎనక స్ప్రింగు కాడ రింగు తిప్పుకుంట, 'చూడు బావా, దీనికి మెట్లుంటయి. ఇద్దరం కూసుంటున్నం గద, దిగబడకుంట కడ మెట్టు దాంక బిగిస్తున్న. మా అక్క నడుము కదలద్దు' అని చెప్పవట్టె. మీ తాత రింగు దిక్కే చూసిండు.

ఆ బిగువు ఏం బిగువు బిడ్డా! వాడు పుల్ల, నేను పుల్ల. మా ఇద్దరి బరువుకు ఆ స్ప్రింగు నొక్కుకుంటేనా? గుంత వస్తే ఎగిరేసుడు, గడ్డ వస్తే ఎగిరేసుడు. గద్వాల చేరేసరికి నా నడుము నాది కాదు. వాపసొచ్చి సీద ఇంటికి పోలే, సాలమ్మ ఇంట్లకు పోయి బామ్ రాసిచ్చుకున్న. అది పడీ పడీ నవ్వింది. ఇంటికి పోతే మీ తాత కడప మీదనే ఉన్నడు. 'ఎట్లుండె?' అని అడిగె. తమ్ముడు ఆడనే నీళ్లు తాగుతుండె. వాని మొకం చూసిన, ఈయన మొకం చూసిన. ఒక్క వంక దొరికితే చాలు అని చూస్తున్నడు ఈయన. 'ఊయల మీద కూసున్నట్టుండె' అన్న.

ఇగ ఆ వారమంత చూడాలె. నూలు కండెలు చుట్టుకుంట నేను మగ్గం పక్కన కూసుంటే, నాడె అటు ఇటు విసిరినప్పుడల్ల 'ఊయల' అంటుండె. బువ్వ పెడితే, 'మీ తమ్మునికే పెట్టకపోయినవా, ఊయలల కూసోపెట్టి' అంటుండె. సైకిలు కారేజి మీద నన్ను ఎక్కిచ్చుకోని సగం పాలమూరు తిప్పినోన్ని నేను, నిన్నగాక మొన్న బండి కొన్న పోరడు ఒక్కపూటల ఊయలైపాయె అని ఆయన బాధ. బాధ బాధే గద. గని ఆయన తెలివంత మగ్గం తెలివి. మగ్గం మీద పడుగు బిగువుగుంటేనే బట్ట బట్టయితది, వదులైందంటే పోగులు కలగబడి చీరంత ఖరాబు. గందుకని ఏమనుకున్నడంటే, బామ్మర్ది బిగిచ్చిండు గనుక ఊయలయింది, వదులు చేస్తే నడుములిరుగుతయి, ఇగ జన్మల ఎక్కది. మల్ల ఐతారం వాడు వచ్చి ఆలంపూర్ పోదాం అక్కా, జోగులాంబ తల్లిని చూసొద్దాం అన్నడు. వాడు తానం చేస్తుంటే, ఈయన సీటు కింద నుంచి పానా తీసి, రింగును కడ మెట్టుకెల్లి మొదటి మెట్టుకు దించి, పానా యాడిదాడ పెట్టి, ఏం ఎరుగనోని లెక్క గుంటల దిగిండు. ఇదంత ఆయనే చెప్పిండు ఎనక, ఒక్కొక్క ముక్క.

ఆలంపూర్ తొవ్వ ఎట్లుంటుండెనో నీకెరుక లేదు, అన్నీ గుంతలే. నేను పండ్లు బిగబట్టుకోని కూసున్న. గుంత వచ్చింది. బండి మెత్తగ కిందికి కూసోని, మెల్లగ లేచింది, బర్రె నీళ్లలకెల్లి లేచినట్టు. నాకు నమ్మబుద్ధి కాలే. మల్ల గుంత, మల్ల గట్లనే. పత్తి చేన్లు, మిరప చేన్లు అటు ఇటు పోతున్నయి, గాలి చెవులల్ల పాడుతున్నది, నేను చిన్నపిల్ల తీరు కిలకిల నవ్విన. తల్లిని మొక్కుకోని, తుంగభద్రల కాళ్లు కడుక్కోని, వాపసొస్తున్నం. ఊరు ఇంగ చానా దూరముండంగనే మల్పు కాడ ఎండల సైకిలు పట్టుకోని మీ తాత! అంగి తడిసి పెయ్యికి అంటుకున్నది. తమ్ముడు బండి ఆపిండు. 'పడలే గద?' అన్నడు మీ తాత. 'ఎందుకు పడ్త' అన్న నేను, కొంచెం కోపంగనే. ఎనకబడి చూడనీకె వచ్చిండు అనుకున్న మరి. మేం ముందుకు పోయినం, ఆయన తొక్కుకుంట ఎనక వచ్చిండు.

ఇంటికొచ్చి, మేం బువ్వ తిని బయటికొచ్చేసరికి అరుగు మీద సాలమ్మ కూసోనుండె. నన్ను చూసి, 'ఏమే సావిత్రమ్మా, బామ్ తియ్యాల్నా' అని కన్ను కొట్టె. 'బామేంది, ఇయ్యాల మబ్బుల మీద పోయొచ్చిన' అన్న. మా తమ్ముడు పొంగిపోయి, 'మరి బిగిచ్చింది ఎవరు' అన్నడు. సాలమ్మ నోరు ఊకుంటదా, 'తోడబుట్టినోడంటే నువ్వే అయ్యా, కట్టుకున్నోడు గూడ పెండ్లాం నడుము గురించి గింత ఆలోచన చెయ్యడు' అనె. గప్పుడే మీ తాత సైకిలు దిగుతున్నడు. స్టాండు గూడ వెయ్యలే, సైకిలు గోడకు ఒరిగిచ్చి వచ్చి, 'వాడు బిగిచ్చింది కాదు. నేను వదులు చేసింది' అన్నడు.

తమ్ముడు నవ్విండు. 'నీకేం ఎరుక బావా' అన్నడు. వంగి చూసిండు, రింగు మొదటి మెట్టు కాడున్నది. వాని నవ్వు పోయింది. 'నువ్వెందుకు ముట్టినవు?' అన్నడు. సాలమ్మ మాట కలిపింది, 'పెండ్లాం నడుము నొయ్యొద్దని ముట్టిండు, ఇంగెందుకు' అని. అవునంటే అయిపోతుండె గద బిడ్డా. తలకాయ ఊపితే సరిపోతుండె. నేను గూడ గదే అనుకోని ఆయన దిక్కు నవ్వుకుంట చూస్తున్న. ఆయన నా మొకం చూసిండు, కండ్లు కిందికేసిండు.

'కాదు. కుదుపులు తాకి మల్ల నీ బండి ఎక్కొద్దని చేసిన. మీరు పోయినంక పడ్తదేమో అని భయమైంది. సైకిలేసుకోని ఉరికిన. అందలే.'

మా తమ్మునికి కోపం నెత్తికెక్కింది, 'అక్క పడితే ఏం చేస్తుంటివి బావా' అని గట్టిగనే అడిగె. నాకు తిట్టాల్ననిపించింది, నిజం చెప్పాలంటే మంచిగ తిట్టాల్ననే నోరు తెరిచిన. వచ్చిన మాట మాత్రం ఇంకొకటి. 'తమ్మీ, రింగు గట్లనే ఉండని. నీ బిగువుకు వారం దినాలు నడుము పట్టుకోని తిరిగిన' అన్న. మీ తాత తలకాయెత్తి చూసిండు. గుంటల దిగి, చీకటి పడేదాంక మగ్గం కొట్టుకుంట కూసున్నడు.

మరుసటేడు తమ్ముని పెండ్లయింది. మంజుల వచ్చింది, సన్నపు పిల్ల. మొదటి పండుగకు ఇద్దరు గా బండి మీదనే వచ్చిండ్రు. ఆమె దిగి, 'వదినా, బండి ఎంత మెత్తగ పోతుందో' అన్నది. ఇగ చూడు మీ తాత మొకం! అన్నం కాడికెల్లి సగంల లేచిండు. తమ్మున్ని వాకిట్లకు పిలిచి, 'గామె ఎక్కినప్పుడు బిగియ్యి. అది సావిత్రి కోసం నేను పెట్టిన కొలత. అందరికి కాదు' అన్నడు. నా కోసం అట. చెడగొట్టనీకె చేసిన అని గల్లి ముందట ఒప్పుకున్న మనిషి, ఏడు తిరగకముందే అది నా సుఖానికే చేసిననని నమ్మిండు. నేను కడప కాడ నిలబడి అంత ఇన్న. ఇని, 'అట్ల కాదు గద' అని అనలే. ఆయన కన్ను మూసేదాంక అనలే...

జర వాకిట్ల ఎండబోసిన ఆ మిరపకాయల మీద గుడ్డ కప్పిరాపో బిడ్డా, మబ్బు పట్టింది.