శారమ్మ గారి పీట, గంగమ్మ మోపు

శ్రీమతి శారమ్మ గారు 1980 జులై ఏడవ తేదీన, ఎడపల్లి దారిలోని మన బాలికల పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. ఆమె చేరిక పత్రాన్ని రిజిస్టరులో ఎక్కించిన గుమాస్తాను నేనే. అంతకు పూర్వం ఈ ప్రాంతంలో కాళ్ల బలమంటే లింగం అనే నా పేరే చెప్పుకునేవారు; క్వింటాలు చక్కెర బస్తాతో బోధన్ నుండి ఎడపల్లి దాకా, ఎక్కడా దించకుండా చేరిన మనిషిని.

తొలి పదిహేనేళ్లు ఖోఖో, కబడ్డీలే ఆమె లోకం. మైదానంలో రాళ్లు ఏరించి, సున్నపు గీతలు తానే గీసి, చెరుకు కోతల కాలంలో బడి మానే ఆడపిల్లల ఇండ్లకు స్వయంగా వెళ్లి తల్లులను ఒప్పించిన ఓర్పు ఆమెది. 1995లో హైదరాబాదు శిక్షణా శిబిరం నుండి స్టెప్ ఏరోబిక్స్ అనే కొత్త విద్యతో తిరిగివచ్చారు. జానెడెత్తు చెక్కపీట మీదికి పాట లయకు తగినట్టు ఎక్కడం, దిగడం.

"పీటెక్కి దిగుడుకు పట్నం దాక పోవాల్నా టీచరమ్మా? కాళ్లకు బలం రావాలంటే బరువెత్తాలె" అని పరిహసించాను.

"మీరు కుర్చీలకెల్లి లేసినప్పుడల్లా బల్ల పట్టుకుంటరు లింగన్నా. ముందుగాల అది ఇడువుండ్రి" అన్నారామె. ఆఫీసంతా నవ్వింది.

1996 అక్టోబరులో ఖోఖో ఆడిస్తుండగా ఆమె కుడి మోకాలు దెబ్బతిన్నది. పట్టీ విప్పినా కుంటు పోలేదు. ఉత్తరం అందిన పదిహేను రోజులలో మోకాలు నయమైందని డాక్టరు ధ్రువపత్రం తేనిపక్షంలో ఆమెను మైదానం నుండి తప్పించి గ్రంథాలయంలో కూర్చోబెట్టాలని యాజమాన్యం తీర్మానించింది. ఆ ఉత్తరాన్ని ఆమెకు అందజేయమని నా చేతికిచ్చింది. ఆఫీసు బీరువాకు పట్టిన చెదలు దాన్ని తినేశాయి. మళ్లీ టైపు చేయించి, ఊళ్లో లేని కార్యదర్శి గారి సంతకం తెప్పించేసరికి మూడు నెలలు గడిచాయి. సంగతి మాత్రం ఆమె చెవిన పడనే పడింది.

"పుస్తకాలకు నంబర్లేసుకుంట కూసునుడు నాతోని కాదు అన్నా" అన్నారు. ఆ ఒక్కసారి నేను హాస్యమాడలేదు.

మొదటి నెల పీటను నమ్ముకున్నారు. ఆయాసం తగ్గింది గాని, దిగేటప్పుడు తొడ వణికేది. రెండవ నెల నా సలహాతో ఇటుకల సంచి భుజాన వేసుకుని గుంజీలు తీశారు. తొడ గట్టిపడింది గాని మోకాలు వాచి, నాలుగు మెట్లెక్కితే బిగుసుకుపోయేది. తప్పు పీటది కాదని ఆమె, బరువుది కాదని నేను, ఎవరి పట్టు వారిది.

ఒక సాయంత్రం బడి ముందు చెరుకు లారీ నింపుతున్నారు. యాభై దాటిన కూలి గంగమ్మ నెత్తి మీద చెరుకు మోపుతో, వాలుగా ఆనించిన పలక ఎక్కి లారీలో పడేసి, చేతులూపుకుంటూ దిగివస్తోంది. శారమ్మ గారు ఆమెను ఆపి, కాలికి ఏది మంచిదని అడిగారు.

"మొదలు ఉత్తగ ఎక్కుడు దిగుడు నేర్సుకోవాలె బిడ్డా. కాలు సదురుకున్నంక సిన్న మోపు. ముందుగాలనే పెద్దది ఎత్తుకుంటే కాలు పోతది. ఎన్నడు ఎత్తుకోకుంటే, ఆ కాలు ఉండి లాభమేంది?" అంది గంగమ్మ. తరువాత నన్ను ఎగాదిగా చూసి, ఒక మోపు ఎత్తమంది. పలక మీద మూడో అడుగుకే కూలబడ్డాను; లేపడానికి ఇద్దరు కావలసివచ్చారు. అన్నట్టు, ఆ చక్కెర బస్తా ఎడ్లబండి మీద ఉంది. నేను పక్కన నడిచాను. దించలేదన్నది మాత్రం నిజం.

వాపు దిగాక, మూడవ నెలలో ఆమె ముందు ఉత్త పీట, తరువాత రెండు చేతుల్లో చిన్న ఇసుక సంచులతో అదే పీట సాధన చేశారు. ఉత్తరం అందిన పదకొండవ రోజున నిజామాబాదు డాక్టరు గారి ధ్రువపత్రం నా బల్ల మీద పెట్టారు. ఆ పద్ధతిలోనే మరో పన్నెండేళ్లు మన పిల్లల కాళ్లను తీర్చిదిద్ది, 2009 మార్చి 31న మైదానం నుండే పదవీ విరమణ చేస్తున్నారు.

ఆ మోకాలు ఆమెను నూరేళ్లు నడిపించాలని, ఆయురారోగ్యాలతో మనవరాళ్లకు కూడా పీట ఎక్కించాలని మనసారా కోరుతున్నాను. ఈ వ్యాసంలో చెదలు నా కల్పన. మన బీరువా ఇనుపది. ఆ ఉత్తరం మూడు నెలలూ నా సొరుగులోనే ఉంది.