వానకోయిలల లెక్క

వేసవి చివర ఒక ఆదివారం పొద్దున. లోయ అంచున చెక్కబల్ల మీద లెక్కల మాస్టారు, పక్కనే పక్షుల సర్వే ఆఫీసులో పనిచేసే ఆయన బావమరిది. ఇద్దరి మధ్య నోటుపుస్తకం.

“అరవై రెండు అని రాశావేంటి బావా? కరెంటు తీగ మీద ఒక్క వానకోయిల లేదు.”

“వస్తాయిలేరా. ఇంకా ఎండెక్కలేదుగా.”

“ఎండెక్కకముందే రాసేశావు మరి!”

“అలవాటు.”

“ఏం అలవాటు? పదమూడేళ్ళూ అక్క బైనాక్యులర్స్‌లో చూసి చెబితే నువ్వు రాశావు. నీకు కాకికీ పావురానికీ తేడా తెలీదని నవ్వేది.”

“కాకి తెలుసు.”

“నవ్వించకు. అక్క పోయి ఐదు నెలలు. ప్రతి ఆదివారం లెక్క ఉందిక్కడ. ఎవరు చూశారు?”

“వచ్చాను. ప్రతి వారం వచ్చి ఇక్కడే కూర్చున్నాను.”

“చూసిందెవరు బావా?”

“పోయినేడాది పేజీలు చూసి... ఎక్కించాను.”

“బావా!”

“ఆమె పుస్తకంలో ఏదీ తగ్గకూడదనిపించింది.”

“పిల్లలు కాపీ కొడితే చెవి మెలిపెట్టేవాడివి కదా!”

“నాదీ మెలిపెట్టు.”

“ఊరుకో. పైన కొండ తవ్వుతున్నవాళ్ళు ఏమంటున్నారో తెలుసా? పిట్టలేం తగ్గలేదు, మీ కాగితాలే చెబుతున్నాయి అంటున్నారు. రేపే మీటింగు. ఈ లోయ కోసం అక్క ఎన్ని ఆఫీసుల మెట్లెక్కింది!”

“కొట్టేస్తాను. ఐదు నెలలవీ కొట్టేస్తాను.”

“కొట్టేసి పక్కన సంతకం పెట్టు. ఊఁ. ఇప్పుడు ఈరోజుది. వానకోయిలలు, సున్నా.”

“సున్నా.”

“రాయి మరి. హమ్మయ్య! పోయినేడాది ఇదే వారం అరవై రెండు, ఇప్పుడు సున్నా. రేపు ఈ రెండు పేజీలూ ముందు పెడతాను. తవ్వకం ఆగి తీరుతుంది. అక్క లెక్కే ఆపుతుంది బావా.”

“ఆ పేజీ చూపించకు.”

“ఏ పేజీ?”

“పోయినేడాదిది.”

“అదెందుకు? అది అక్క చెబితే రాసిందేగా?”

“చెబితేనే రాశాను.”

“మరి?”

“అప్పటికే మీ అక్కకి చూపు పోయిందిరా. నీకు తెలిస్తే లెక్క ఇంకొకరికి ఇచ్చేస్తావని నా చేత ఒట్టు వేయించుకుంది.”

“మరి అరవై రెండు?”

“ఖాళీ తీగ కేసి బైనాక్యులర్స్ పెట్టుకుని, ‘అబ్బ, అరవై రెండండీ’ అంది. నేను రాసుకున్నాను.”