చేపలు బెదరకూడదు

గుడియాత్తం, తమిళనాడులో నేతగాళ్ల ఊరు. ఆదివారం పొద్దున. ఒక ఇంటి పెరట్లో, చేపల గుంట గట్టు మీద నందకుమార్. చేతిలో బక్కెట్టుతో అతని భార్య కాంచన.

"మెల్లగా కాంచనా, మెల్లగా! బక్కెట్టు అట్ల దబ్బుమని పెడ్తారా?"

"బక్కెట్టే కదండీ."

"మనకి బక్కెట్టు. చేపలకి అది పిడుగు. ఒక్కసారి బెదిరినాయంటే రెండు దినాలు మేత ముట్టవు. స్ట్రెస్."

"సరి. ఏం చెయ్యాల్నో చెప్పండి."

"ముందు గొంతు తగ్గించు."

"తగ్గించినా."

"ఇంకొంచెం."

"ఇంతకంటే తగ్గిస్తే నేను మాట్లాడేది నాకే వినపడదు."

"వేలూరు చేపల వాట్సాప్ గ్రూపులో పార్థిబన్ సార్ వాయిస్ పెట్టినాడు. గుంటలో నీళ్లే టబ్బులో పోసి, చేపల్ని అందులోకి మార్చి, నీడన పెట్టాలంట. గుంటలో నీళ్లు మొత్తం తీసెయ్యకూడదు. మూడింట్లో ఒక వంతు తీసి, అడుగు బురద తోడి, నిలవపెట్టిన నీళ్లు పొయ్యాల. కొళాయి నీళ్లు పట్టింది పట్టినట్టే పోస్తే చేపలు బ్లీచింగుకే చచ్చిపోతాయి."

"అందుకేనా బాత్రూములో డ్రమ్ము మీద 'ఎవురూ ముట్టకూడదు' అని తమిళంలో రాసి అంటించినారు?"

"ఆమా, అందుకే. రెండు దినాలుగా నిలవ ఉండాయి ఆ నీళ్లు."

"మేమూ రెండు దినాలుగా ఒక్కో బక్కెట్టుతో సరిపెట్టుకుంటా ఉండాము."

"నీకు చెప్తే అర్థమవుతాది కాంచనా. చేపకి చెప్పలేము కదా... ఉండు ఉండు. వీటి పొట్టలు చూడు. నిన్నట్నించి మేత పెట్టొద్దంటి కదా?"

"నేను పెట్టలే."

"మరి ఇదేంది? నీళ్ల మీద బొరుగులు తేల్తా ఉండాయి!"

"గాలికి కొట్టుకొచ్చింటాయి."

"బొరుగులా? గాలికా?"

"ఆదివారం కదా."

"ఆదివారానికీ దానికీ ఏంది సంబంధం?"

"ఏమండీ, పళ్ళికొండ నించి కలైయరసి వదిన ఫోన్ చేసింది."

"అక్కా? ఏమంట?"

"చుమ్మా, ఊరికే."

"ఆమె చుమ్మా ఫోన్ చేసే మనిషి కాదు. మిస్డ్ కాల్ ఇచ్చి, మనం చేసేదాకా కాచుకోనుంటాది."

"ఇల్లు హైవే పక్కన కదా. లారీల సద్దుకి మామకి నిద్ర పట్టలేదంట."

"పట్టకపోతే ఈడికి రావాల్సింది. నాయన్ని ఎవురొద్దన్నారు?"

"రమ్మని మీరు పిలిచినారా?"

"దినామూ గుడ్ మార్నింగ్ పంపిస్తా ఉండా కదా. రోజాపూలు పెట్టి."

"మామది బటన్ల ఫోను."

"...అది ఆయన తప్పు."

"సరి."

"సరి అంటే? ఇల్లు వదిలేసి పోయింది ఆయనా, నేనా? 'నేను కాళ్లు పెట్టిన గుంటలో చేపలు వదిలినావు, ఇంక నీ గడప తొక్కను' అనింది ఆయనా, నేనా? నేసేది మానేసి ఎన్నేండ్లయింది? మగ్గం గుంట చుమ్మా దుమ్ము పట్టుకోనుండె. నేను టైల్సు ఏయించి, లైటు పెట్టించి, అందంగా..."

"నేసేది మానేసినా దినామూ ఆ మగ్గం ముందరే కూర్చుంటా ఉండె కదా. గుంటలో కాళ్లు పెట్టుకొని, పేపరు చదువుకుంటా."

"పేపరు చదివేదానికి సోఫా కొనిస్తిని."

"సోఫాకి గుంట లేదు. పాపం, విరించిపురం గుడి తిరునాళ్లకని పోయి నాలుగు దినాలు ఉండినారు. ఆఖరి దినం సాయంత్రం వచ్చి చూస్తే మగ్గం లేదు. గుంటలో నీళ్లు."

"సర్‌ప్రైజ్ ఇద్దామనుకుంటి!"

"గొంతు తగ్గించండి. చేపలు."

"...తగ్గించినా. ఇంక పని చూద్దాము. పెద్దోణ్ణి ముందు మార్చాల. ఆ ఆరంజిది. చేత్తో పట్టకూడదు, ఒంటి మీద జిగట పోతాది. వల గరుకు. మెత్తటి నూలుగుడ్డ కావాల. పాతది. గంజి పెట్టంది."

"నూలుగుడ్డకి యాడికి పోయేది ఇప్పుడు?"

"గుడియాత్తంలో ఉండి అడిగే మాటనా అది? పో, ఏదో ఒకటి చూసి తీసుకురా. మెల్లగా నడువు."

"ఇదిగోండి. ఇది సరిపోతాదా?"

"అబ్బ! వెన్న మాదిరి ఉండాదే. యాడ దొరికింది?"

"తలుపు మీద ఉండె."

"లుంగీ కదా ఇది. చేత్తో నేసిన లుంగీ. ఇప్పుడొచ్చేవి ఇట్ల ఉండవు. నాది కాదే ఇది?"

"మీరు చూడాల్సింది గుడ్డనా, చేపనా?"

"సరి సరి, ఆ కొసలు పట్టుకో. నీళ్లలో వదులుగా ఉంచు. తరమకూడదు. అదే రావాల... రా నాయనా, రా పెద్దోడా... చూస్తివా! అదే వచ్చి పండుకునింది. ఇప్పుడు గుడ్డతో పాటే టబ్బులోకి. మెల్లగా. అట్లే ఉంచు, దులపొద్దు."

"ఎంత సేపు పట్టుకొనేది?"

"దానికి ధైర్యం వచ్చేదాకా. కొత్త చోటు కదా. ఉన్నట్టుండి పడేస్తే గుండె ఆగిపోతాది. ఏదైనా కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాల."

"చేపలకేనా, మనుషులకి కూడానా?"

"ఎవురికైనా అంతే."

"అట్లయితే నేనూ కొంచెం కొంచెంగా చెప్తా."

"ఏంది చెప్పేది?"

"మామ వదిన ఇంట్లో బట్టలు సర్దుకున్నారంట."

"సర్దుకుంటే?"

"బెదరలేదు కదా?"

"నేనెందుకు బెదురుతా? చెప్పు."

"సంచి తీసుకొని బస్టాండుకి వచ్చినారంట."

"ఏ బస్టాండుకి?"

"కొంచెం ఊపిరి తీసుకోండి... బస్సు కూడా ఎక్కినారంట. గుడియాత్తం బస్సు."

"కాంచనా! ఒక మాట ముందే చెప్పకూడదా? ఇట్ల ఉన్నట్టుండి నెత్తిన ఏస్తే మనిషి ఏమైపోతాడు?"

"మామ కూడా ఇదే అన్నారు. ఆ సాయంత్రం."

"చేపకి చెప్తే అర్థం కాదు, అందుకే ఇంత మెల్లగా చేస్తాము. నాయనకి చెప్తే అర్థమవుతాది కదా."

"చెప్పినారా?"

"...లేదు."

"ఊ."

"ఇప్పుడొచ్చి ఈ గుంట చూస్తే ఆయన మళ్లీ... ఏంది ఆ సద్దు? బాత్రూములో ఎవురో చెంబుతో నీళ్లు పోసుకుంటా ఉండారు."

"కొళాయి కారుతా ఉంటాది."

"కొళాయి చెంబుతో కారుతాదా? కాంచనా! నా డ్రమ్ము!"

"అరవద్దండి. చేపలు బెదురుతాయి."

"చేపల నీళ్లు తీసి తానం చేసేది ఎవురు? అంత పెద్దగా రాసి అంటించినా కదా!"

"కళ్లద్దాలు తీసేసి తానం చేసే మనిషి ఎట్ల చదువుతారు?"

"ఎవురు?"

"ఆ బొరుగులు ఏసినాయన."

"...నాయనా?"

"పొద్దున్నే వచ్చేసినారు. మీరు మేడ మీద వాయిస్ వింటా ఉంటిరి."

"గడప తొక్కను అన్నాడు కదా?"

"తొక్కలే. పెరటి గేటు తీసుకొని వచ్చినారు. దానికి గడప లేదు."

"గుంట చూసినాడా?"

"చూసినారు. నేనూ ఏం అరుస్తారో అని పక్కనే నిలబడుంటి. గట్టు మీద కూర్చోని, పంచె పైకెత్తి, నీళ్లలో కాళ్లు పెట్టినారు. జోబీలో నించి బొరుగులు తీసి ఏసినారు."

"కాళ్లు పెట్టినాడా? చేపలు బెదరలేదా?"

"కాళ్ల చుట్టే తిరుగుతా ఉండె. మీ పెద్దోడైతే వేలు కొరికినాడు."

"...ఏమన్నా అన్నాడా?"

"పెద్దోడా?"

"నాయన!"

"'నా గుంట లోతు అట్లనే పెట్టినాడే' అన్నారు. అంతే. అన్నేసి తానానికి పోయినారు."

"అంతేనా?"

"అంతే."

"కాంచనా... తలుపు మీద ఉండె అంటివే, ఈ లుంగీ..."

"ఆమా. బాత్రూము తలుపు మీద."

"అమ్మా కాంచనా! తలుపు మీద ఏసిన నా లుంగీ యాడమ్మా?"

"నాయనా... ఈడ ఉండాది నాయనా."

"ఈడంటే యాడరా?"

"టబ్బులో. లుంగీలో చేప పండుకోనుండాది. ఉన్నట్టుండి లాగితే బెదురుతాది. కొంచెం... ఒక్క నిమిషం..."

"మెల్లగానే తియ్యరా నందా. నాకేం తొందర? నేను ఉండేదానికే వచ్చినా."