చల్లారిన ఇంజన్ చప్పుడు

పెళ్ళాం కారెక్కగానే నిద్రపోతోందంటే, నీ డ్రైవింగ్ అంత జోలపాటలా ఉందనుకున్నావా బావా?

నవ్వకు. ఇందాక షెడ్డులోకి వస్తూనే నా పనివాళ్ళ ముందు అదే జోకు వేశావు. అక్కేమో ఆ బెంచీ మీద తల పట్టుకుని కూర్చుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి తలనొప్పి మామూలేనట. ఎవరు చెప్పారు? నీకెన్ని కాన్పులయ్యాయి?

మరి ఇంట్లో ఉన్న రోజు ఆ నొప్పి ఎందుకు రాదు? కారు దిగి కాసేపు గాలి పీలిస్తే ఎందుకు తగ్గుతుంది? ఎప్పుడైనా ఆలోచించావా? అబ్బే, నువ్వు కార్ల గురించి పుట్టుకతోనే అన్నీ తెలిసినవాడివి కదా.

ఇలా వచ్చి బానెట్ కిందకి చూడు. ఈ ఇనప గొట్టాల గుత్తి మానిఫోల్డ్. ఇంజన్లో కాలిన పొగంతా దీంట్లోంచే వెనక్కి పోవాలి. ఇంజన్‌కీ దీనికీ మధ్య అట్టముక్కంత పల్చటి గ్యాస్కెట్ ఉంటుంది. అది కాలి అరిగిపోయింది. అతుకు చుట్టూ ఈ నల్లటి మసి చారలు ఏమనుకున్నావు, దిష్టి తగలకుండా పెట్టిన కాటుకా? పొగ ఇక్కడ బయటపడి, ముందు అద్దం కిందున్న ఆ గాలి చిల్లుల్లోంచి నేరుగా కారు లోపలికెళ్తోంది. నువ్వేమో మోచెయ్యి బయటపెట్టి దొరగారిలా నడుపుతావు. దుమ్మని అక్క వైపు అద్దం మాత్రం ఎక్కించేస్తావు. ఆ విషప్పొగకే అక్కకి ఆ నిద్రా, ఆ తలనొప్పీ.

చప్పుడు లేదంటావా? ఎలా ఉంటుంది? చల్లారిన బండి నా ముందు మొరాయిస్తే నామోషీ అని, తెచ్చిన ప్రతిసారీ వీధులన్నీ తిప్పి వేడెక్కించి మరీ తెస్తావు. వేడికి ఇనుము ఉబ్బుతుంది, సందు సగం పూడుతుంది, టకటక ఆగుతుంది. పొగ ఆగదు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు వినాలి దాని గోల. మీ పక్కింటివాళ్ళు విన్నారు. నీ పాటల హోరులో నీకే వినపడలేదు.

పైగా సొంత వైద్యమొకటి. పాత గ్యాస్కెట్ మీదే జిగురు మెత్తి, బోల్టులు ఒక చివర నుంచి వరసగా బిగించుకొచ్చావు. మధ్యలో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి, కొంచెం కొంచెంగా బిగించాలి నాయనా. నీ కండబలానికి చివరి బోల్టు తలే ఎగిరిపోయింది. అదిగో, మొండెం మిగిలింది.

ఏంటీ, ఇప్పుడే బయల్దేరాలా? మీ అమ్మగారు ఎదురుచూస్తున్నారా? మూడు గంటల దారి, ఆ పొగ నిండే కారులో, అక్కని కూర్చోబెట్టుకునా? ఫోన్ చేసి రావట్లేదని చెప్పు. కోప్పడితే పడనీ, నన్ను తిట్టమను.

ఈ బండి కదలదు. రేపు చల్లారాక నేనే విప్పుతాను. ఆ మొండెం పీకి, జిగురంతా గీకి, కొత్త గ్యాస్కెట్ వేస్తాను. తాళం ఆ బల్ల మీద పెట్టు.

టాక్సీ పిలిచి అక్కని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. అక్కనడిగితే నీ పరువు కోసం ఏమీ లేదనే అంటుంది. అందుకని నువ్వే చెప్పు, ఇన్ని వారాలూ నీ కారులో పొగ పీల్చిందని. బయటెక్కడో కూర్చోకు, లోపలికెళ్ళి చెప్పు. పద.