ఎండగట్టు మీద క్యూ

సాయంత్రం. ముందు గదిలో మంచం మీద భర్త. అప్పుడే లోపలికొచ్చి చెప్పులు విప్పుతున్న భార్య.

"అది కాదు నేనడిగింది. ఎంతమంది వచ్చారు?"

"చెప్తానండీ, కాస్త కాళ్ళు కడుక్కోనివ్వండి. మందు వేసుకున్నారా?"

"వేసుకున్నాను. ఎంతమంది?"

"అన్నం తిన్నారా?"

"తిన్నాను. పక్కింటి పిన్నిగారు ఎదురుగా కూర్చుని మెతుకు మిగల్చకుండా తినిపించి మరీ వెళ్ళారు."

"మెతుకు మిగల్చకుండానా? గిన్నెలో పెట్టింది పెట్టినట్టే ఉందే!"

"మాట మార్చకోయ్. పొద్దుటినుంచీ ఈ గోడ వంక చూస్తూ పడున్నాను. పోయినసారి మన చర్మ పరీక్షల టెంటుకి పట్టుమని పదిమంది రాలేదు. అందులో సగం మంది మంచినీళ్ళ కోసం వచ్చినవాళ్ళే. ఇవాళైనా వచ్చారా లేదా?"

"వచ్చారు. చాలామంది వచ్చారు."

"చాలామంది అంటే?"

"చాలామంది అంటే చాలామందే. క్యూ కట్టారు."

"క్యూనా! మన టెంటు ముందా?"

"మన టెంటు ముందే. టీ కొట్టు దాటి, ఎండగట్టు చివరిదాకా నిలబడ్డారు."

"ఎండగట్టు చివరిదాకానా! నీడ లేని ఆ గట్టు మీద ముప్పై ఏళ్ళు కూర్చుని మోటారు రేసులు చూశాను. దేనికీ అంత క్యూ ఎరగను. ఒక్క ఉచిత టోపీలప్పుడు తప్ప."

"టోపీలు కూడా అయిపోయాయి. నేను కుట్టినవన్నీ."

"మెడ వెనక గుడ్డ వేలాడేవా? అవి పెట్టుకుంటే పెళ్ళికూతురి ముసుగులా ఉందని వెక్కిరించారన్నావు?"

"వెక్కిరించారు. ఇవాళ మాత్రం నాకంటే నాకని లాక్కున్నారు. ఎండ అలా ఉంది మరి."

"బాగా కాసిందా?"

"మాడు పగిలిపోయే ఎండ."

"ఊఁ. నువ్వేమిటి అక్కడ గుమ్మంలోనే నిలబడ్డావు? ఇలా వచ్చి కూర్చో."

"ఒళ్ళంతా దుమ్ము. ట్రాక్ దుమ్ము. కంట్లో కూడా పడింది, నీళ్ళు కారుతున్నాయి. మీరు అడగండి, ఇక్కణ్ణించే చెప్తాను."

"నా కాలి ఫొటో పెట్టారా?"

"పెట్టారు. టెంటు ముందు, పెద్దది చేయించి. ఒకాయన వస్తూనే అలవాటుగా ఆ ఫొటోని ముట్టుకోబోయాడు. నర్సమ్మ చేతి మీద ఒక్కటేసింది."

"హహ! ముట్టుకోడూ మరి? రేసు మొదలయ్యే ముందు సైలెన్సర్ అన్న పిక్క ముట్టుకోకపోతే వాళ్ళకి ముద్ద దిగేది కాదు. కొత్తగా మన అభిమానుల క్లబ్బులో చేరిన ప్రతివాడితోనూ ముట్టించేవాళ్ళు."

"మీకు నవ్వొస్తోంది. నాకు ఒళ్ళు మండుతుంది. అంతమంది ముట్టుకున్నారే, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అన్నా ఇది పచ్చిగా ఉంది, డాక్టరుకి చూపించు అన్నారా?"

"పచ్చిగా ఉంటేనే కదా మనవాడు గెలిచేది."

"ఆ మాటే వద్దంటాను."

"మరి గెలిచాడుగా! పాత మచ్చ పగిలి కారిన రోజున మన నలభై ఏడు నంబరు బండివాడు మొదట వచ్చాడు. మళ్ళీ కారింది, మళ్ళీ వచ్చాడు. నువ్వు కట్టు కడితే ఓడిపోయాడు. ఇంక ఎవడు కట్టించుకుంటాడు?"

"బతిమాలాను. తిట్టాను. కుట్టు మిషను మీద ఒట్టు పెట్టుకున్నాను, మీరు ఆసుపత్రికి వెళ్ళకపోతే ఇక పెడల్ తొక్కనని. విన్నారా మీరు?"

"వినలేదు."

"వినలేదు."

"సరే, ఇప్పుడు గొడవెందుకులే. నేను రాసిచ్చింది మైకులో చదివారా?"

"చదివారు."

"ఎవరు?"

"హారన్."

"హారనా? వాడు మామూలుగా మాట్లాడితేనే ఊరంతా వినపడుతుంది, వాడికి మైకెందుకు? ఏడవకుండా చదివాడా?"

"మధ్యలో ఒకచోట ఆగాడు."

"ఎక్కడ?"

"ఎక్కడో. గుర్తులేదు."

"గుర్తు తెచ్చుకో. నేను చెప్తాను, ఎక్కడాగాడో చెప్పు. 'ఎండగట్టు మిత్రులారా, నేను మీ సైలెన్సర్ని. కుర్రతనంలో బండి సైలెన్సర్ తగిలి నా పిక్క కాలింది. ఆ మచ్చని మీరు అదృష్టమన్నారు. అది పుండై కారితే ఇంకా అదృష్టమన్నారు. నేనూ అనుకున్నాను.' ఇక్కడా?"

"కాదు."

"'మన నలభై ఏడు గెలుస్తూనే ఉన్నాడు. నా పుండు మానలేదు. పాత మచ్చలోంచి క్యాన్సర్ పుడుతుందని నాకు తెలీదు. తెలిసేసరికి అది కాలు దాటి పైకి పాకింది.' ఇక్కడేనా?"

"అక్కడే. అక్కడే ఆగాడు."

"అనుకున్నాను. తర్వాత మిగతాది సరిగ్గా చదివాడా? అసలు సంగతి అక్కడే ఉంది. 'మానని పుండుంటే చూపించుకోండి. పెరుగుతున్న మచ్చ, రంగు మారుతున్న మచ్చ ఉంటే చూపించుకోండి. గోళ్ళ కిందా, అరికాళ్ళలోనూ చూసుకోండి. మనం నల్లగా ఉంటాం, మనకేం కాదు అనుకోకండి. నేను మీ అందరికంటే నలుపు.'"

"చదివాడు. అన్నీ చదివాడు."

"చివరి మాటకి నవ్వారా?"

"నవ్వారు. అప్పుడే ఒక్కొక్కరూ లేచి వచ్చారు."

"మైకులో విని లేచి వచ్చారా! రేసు జరుగుతుండగానా?"

"జరుగుతుండగానే."

"నలభై ఏడు గెలిచాడా?"

"నేను టెంటులో ఉన్నాను కదండీ, రేసెక్కడ చూశాను?"

"చూడక్కర్లేదుగా. గెలిస్తే కేకలతో గట్టు లేచిపోతుంది."

"గెలిచాడు. గెలిచాడు లెండి."

"గెలిచాడూ! నా పిక్క ముట్టుకోకుండానే!"

"ముట్టుకోకుండానే."

"ఇంకేం మరి. ఇన్నాళ్ళూ వాడి గెలుపు వాడిదేనన్నమాట. సరే, ఒక్కొక్కళ్ళ గురించీ చెప్పు. మొదట ఎవరొచ్చారు?"

"మొదటా? గేటు దగ్గర కాపలా ఉంటాడే, కండలాయన."

"వాడా! వాడు సూదిని చూస్తే పడిపోతాడు."

"సూది లేదు బాబూ, భూతద్దమే అని నర్సమ్మ నచ్చజెప్పింది. వీపు చూపించడానికి అంత మనిషీ కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడ్డాడు. ఆ తర్వాత టికెట్లు చింపే తాతగారు. ఆ తర్వాత టైర్లు మార్చే పిల్లలు, చేతులు కడుక్కుని రండర్రా అని పంపించింది. కడుక్కుంటే గోళ్ళ కింద నలుపంతా గ్రీజేనని తేలింది."

"గ్రీజేనా? అందరికీనా?"

"అందరికీ. చేతి తొడుగులు కూడా అయిపోయాయి నర్సమ్మకి."

"పోయినసారి ఆ డబ్బా మూతే తియ్యలేదన్నావు."

"పోయినసారి పోయినసారే. ఇవాళ వేరు."

"ఇవాళ ఏమిటి వేరు?"

"ఏమో. విన్నారు. మీ మాట విన్నారు. వినకూడదా? మంచి మాట చెబితే జనం వింటారు, ఎప్పుడో ఒకప్పుడు వింటారు. మీరలా చూస్తారేం?"

"ఏం లేదు. వింటున్నాను. గొంతు అలా ఉందేం?"

"పొద్దుటినుంచీ అరిచి అరిచి పోయింది. రండి, రండి అని."

"నువ్వెప్పుడూ అరవవే. కుర్చీలో కూర్చుని కాజాలు కుట్టుకుంటావు."

"ఇవాళ అరిచాను."

"డాక్టరు దగ్గరనుంచి కబురేమైనా వచ్చిందా?"

"ఏ డాక్టరు?"

"మనకి ఎంతమంది డాక్టర్లున్నారోయ్? స్కాన్ సంగతి."

"సోమవారం అన్నారుగా. సోమవారం అన్నాక సోమవారమే. మధ్యలో ఎందుకు చెప్తారు? మీరు దాని గురించి ఆలోచించకండి."

"ఆలోచించటం లేదు. అడిగానంతే."

"అడక్కండి మరి."

"సరే. అడగనులే. ఇంతకీ ఎవరికైనా దొరికిందా?"

"ఏమిటి?"

"అదే. అంతమందిలో ఎవరికైనా చెడ్డ మచ్చ కనిపించిందా? ఒక్కరికైనా?"

"ఒకావిడకి."

"చెప్పు, చెప్పు."

"మొగుడికి రేసుల పిచ్చట. ఆవిడకి ఇష్టం లేదు. ఆయన వెంట ఊరికే వచ్చింది. చెప్పు తెగితే మన టెంటులో సూదీ దారం ఉందేమోనని వచ్చింది. కుట్టి ఇస్తాను, తియ్యమ్మా అన్నాను. తీస్తే అరికాలిలో మచ్చ. ఇంతే. చింతగింజంత కూడా లేదు."

"నువ్వే చూశావా?"

"నేనే చూశాను. నర్సమ్మని పిలిచాను. ఆవిడ అద్దం పెట్టి చూసి, అమ్మా, రేపే వెళ్ళి చూపించుకో అంది. భయపడకు, చిన్నగా ఉండగానే వచ్చావు, ఇలాంటివి ముందే పట్టుకుంటే తీసేస్తారు, ఇంటికెళ్ళిపోతావు అంది."

"ముందే వచ్చిందన్నమాట."

"ముందే వచ్చింది."

"ఆవిడేమంది?"

"చెప్పు కోసం వెతుక్కుంది. ఆయనే, వాళ్ళాయనే, రేసు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. చెప్పు చేత్తో పట్టుకున్నాడు. పద, రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే వెళ్దాం అన్నాడు. ఒక్కసారి చెప్తే విన్నాడండీ. ఆవిడ పోరలేదు, ఒట్లు పెట్టలేదు. ఒక్క మాట చెప్తే లేచి వచ్చేశాడు."

"మంచివాడు."

"మంచివాడు. ఇద్దరూ అలా గట్టు దిగి వెళ్ళిపోయారు. చెయ్యి పట్టుకుని. వాళ్ళు ఇంకా చాలా ఏళ్ళు... చాలా ఏళ్ళు ఉంటారు వాళ్ళు. పోట్లాడుకుంటూ ఉంటారు."

"ఏడుస్తున్నావు."

"దుమ్మని చెప్పానుగా."

"చెప్పావు. ఇలా రా."

"వస్తాను. దీపం వేసి వస్తాను. పాలు కూడా కాచాలి. పొద్దున్న తోడు పెట్టనేలేదు, మరిచేపోయాను."

"పాలు ఎక్కడికీ పోవు. రావోయ్. ఇక్కడ, ఈ పక్కన కూర్చో. కాలు తగులుతుందని భయపడకు, ఇవాళ అంత నొప్పిగా లేదు. కూర్చున్నావా?"

"కూర్చున్నాను."

"నీ చేతులు చల్లగా ఉన్నాయి."

"కడుక్కొచ్చాను కదా."

"ఎంత బాగా చెప్పావు! ఆ కండలవాడూ, ఆ చెప్పు తెగినావిడా. నాకు కళ్ళకి కట్టినట్టుంది."

"వచ్చే రేసుకి ఇంకా ఎక్కువమంది వస్తారు. చూడండి మీరే."

"వస్తారు. రావాలి. నేనున్నా లేకపోయినా టెంటు వెయ్యి. పదిమంది వచ్చినా వెయ్యి, ఎవరూ రాకపోయినా వెయ్యి. చెప్పు తెగినావిడ నిజంగానే వస్తుంది ఏదో ఒకరోజు."

"నిజంగానే రావటమేమిటి? వచ్చిందని చెప్తుంటే!"

"ఏమోయ్... పొద్దున్నే హారన్ ఫోన్ చేశాడు. మలుపు దగ్గర గోడ కూలిందట, ఇవాళ రేసు లేదటగా. గేట్లే తియ్యలేదట. నీకు ఆసుపత్రి నుంచి ఫోనొస్తే తనే అక్కడ దించాననీ, అన్నకి చెప్పద్దని నువ్వు ఒట్టు వేయించుకున్నావనీ కూడా చెప్పేశాడు. వాడి నోట్లో ఏం దాగుతుంది? లేని రేసుకి నువ్వు అంత పొడుగు క్యూ కట్టించావంటే, డాక్టరు ఏమన్నాడో నాకు తెలిసిపోయిందిలే, చెప్పక్కర్లేదు. ఒక్కటే చెప్పు. ఆయన ఆ మాట చెప్పినప్పుడు నీ పక్కన ఎవరైనా ఉన్నారా?"