గొంబెస్సాకు ఇచ్చిన వేళ్లు

సభాధ్యక్షులు హమాది గారికి, రాజధాని మొరోని నుంచి ఇంత ఎండలో వచ్చిన అతిథులకు, మసీదు పెద్దలకు, ముందు వరసలో కూర్చుని "తొందరగా ముగించరా" అని కళ్లతోనే గదుముతున్న మా అక్క ఎషాతికి సలాం. (నవ్వులు)

ఈ రోజు వేట మానేస్తున్న తొయిహిర్ నాకు బావ. పడవలో ఆయన ముందు, ఈ బకారి వెనక. పెళ్లయి మా అక్క ఇంటికి కాపురానికి వచ్చిన మర్నాడే నేను తెడ్డు వేసే తీరు చూసి, "ఏరా బామ్మర్దీ, పులుసు కలుపుతున్నావా?" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన మళ్లీ ఒక్కసారే అన్నాడు. (నవ్వులు)

అతిథులు గొంబెస్సా గురించి గొప్పగా చెప్పారు. కోట్ల ఏళ్ల నాటి చేప అనీ, రాళ్లలో అచ్చులే మిగిలాయనుకుంటే మన లోతుల్లో ఈదుతూ కనబడిన సజీవ శిలాజమనీ అన్నారు. మాకు మాత్రం అది తింటే కడుపు కదిలే జిడ్డు చేప. సొయిలిహి మామా, తల దించుకోకు, పంక్చరు వేసేముందు మీ నాన్న సైకిల్ ట్యూబు గీకింది దాని పొలుసుతోనే కదా! (నవ్వులు) దాన్ని పట్టొద్దన్నారు, సరేనన్నాం. లోతు గాలాలు మానేసి దూరంగా పైనీళ్ల చేపల వేటకు పోవడానికి మోటార్లు ఇస్తామన్నారు, దానికీ సరేనన్నాం. పొరపాటున గొంబెస్సా పడితే బతికుండగానే అడుగుకు దింపుతామని ఇదే అరుగు మీద మాట ఇచ్చాం. మోటార్లు ఇంకా దారిలోనే ఉన్నట్టున్నాయి. (ఎవరూ నవ్వలేదు)

పోయిన వానలకు ముందు మా గాలానికి గొంబెస్సా పడింది. పైనీళ్ల వేడికి అది ఎంతోసేపు బతకదు. గాలం కొన కిందికి ఉండేలా తిరగేసి దవడకు తగిలించి, చేపను అడుగుకు లాక్కుపోయేలా నల్లరాయి బరువు కట్టి వదిలాం. రాయి అడుగు తాకాక తాడు గుంజితే గాలం ఊడి పైకి వచ్చేస్తుంది, రాయి అడుగునే ఉండిపోతుంది. ఇంతలో అల కొట్టింది, జారుతున్న తాడు బావ వేళ్లకు మెలిపడింది. నేను కత్తి తీశాను.

"కొయ్యకు," అన్నాడు.

"చెయ్యి పోతుంది బావా!"

"ఇప్పుడు కోస్తే రాయికి కట్టేసినట్టు అడుగున పడి చస్తుందిరా. మాట ఇచ్చాం కదా."

రెండో చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టేసుకున్నాడు. తాడు వేళ్లను కోసుకుంటూనే జారింది. రాయి అడుగు తాకాక ఆ చేత్తోనే గుంజి గాలం ఊడదీశాడు.

తర్వాత మా ఇంటికి చాలామంది వచ్చారు, అధ్యక్షులవారూ వచ్చారు, కృతజ్ఞతలు. వచ్చిన ప్రతివారూ చేప బతికిందా అని అడిగారు. చెయ్యి ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. నాకు ఆ కోపం ఇన్ని మల్లెదండల మధ్య కూడా పోవడం లేదు. చేప బతికిందో లేదో మాకూ తెలియదు. అంత లోతుకు వెళ్లి చూసొచ్చేదెవరు?

ఇవాళ బహూకరించిన ఇత్తడి గొంబెస్సా చాలా బాగుంది. బావ దాన్ని పట్టుకోలేక జారవిడిచాడు. మీరంతా చూసి కూడా చూడనట్టు ఊరుకున్నారు, మంచివాళ్లు.

రేపు నేను వేటకు వెళతాను. మోటారు లేదు కాబట్టి అవే గాలాలు, అదే లోతు. ముందు బరువు లేకపోతే పడవ ముక్కు లేస్తుంది, అందుకని బావ కూర్చునే చోట ఒక నల్లరాయి పెట్టుకుంటాను. మళ్లీ గొంబెస్సా పడిందంటే ఆ రాయే కట్టి దింపాలి, ముందు ఏమీ లేకుండా ఒక్కణ్ణే తిరిగి రావాలి. దింపుతాను బావా. ఆ రోజు ఈ అరుగు మీద నీ పక్కన నిలబడి మాట ఇచ్చింది నేనే కదా.

ఓపిగ్గా విన్న అందరికీ కృతజ్ఞతలు. అక్కా, ఇదిగో, ముగించాను. సెలవు.