గుర్రాల చెవులు

కెనడాలో అల్బర్టా కొండల పక్కన, అతిథులు గుర్రపు స్వారీకి వచ్చే రాంచ్ అది. ఎడ్మంటన్ కాలేజీ నుంచి వేసవి పనికి వచ్చిన ఇద్దరమ్మాయిలు పొద్దున్నే కంచె లోపల గుర్రాలకు ఓట్స్ పెడుతున్నారు. పెద్దామెకు ఇది రెండో వేసవి, చిన్నామెకు మొదటి వారం.

"అక్కా, అన్నీ ఒక్కసారే తినుడు ఆపినయ్. ఎందుకు?"

"వాటి చెవులు ఎటున్నాయో చూడు."

"అన్నీ ఆ పొదల దిక్కే ఉన్నయ్."

"అయితే అక్కడ ఎలుగుబంటి ఉందేమో. పరిగెత్తకు. బకెట్ కింద పెట్టేసి, మెల్లగా వెనక్కి గేటు వైపు నడువు. గట్టిగా మాట్లాడుతూనే ఉండు. మనుషులున్నారని తెలిస్తే అదే పోతుంది."

"ఏం మాట్లాడాలె? నోరు ఎండిపోతుంది."

"ఏదో ఒకటి. మీ అమ్మ పచ్చిపులుసు ఎలా చేస్తుందో చెప్పు."

"చింతపండు నానబెడ్తది. పిసికి రసం తీస్తది. ఉల్లిగడ్డ..."

"గట్టిగా. ఉల్లిగడ్డ ఏం చేస్తుంది?"

"సన్నగ కోసి ఏస్తది. అక్కా, నేను హోటల్ రిసెప్షన్‌ల చేస్తున్న అని అమ్మకు చెప్పిన."

"సాయంత్రం ఫోన్ చేసి నిజం చెప్దువుగాని. తర్వాత ఏం వేస్తుంది?"

"పచ్చిమిర్చి కాల్చి నలుపుతది. నువ్వుల పొడి ఏస్తది. అక్కా, గుర్రాలు తల తిప్పినయ్."

"హమ్మయ్య. మళ్ళీ తింటున్నాయా?"

"లేదు. ఇప్పుడు చెవులన్నీ మన వెనక, గేటు దిక్కున్నయ్."

వెనక్కి వేస్తున్న అడుగు పెద్దామె అక్కడే ఆపేసింది.

"అక్కా, ఏమన్నా మాట్లాడు."